మాన్‌హట్టన్‌లో నీళ్లూ ఒక దినుసే: కొన్ని అపోహలు - వాస్తవాలు

60 మి.లీ. రై విస్కీ (రై అనే ధాన్యంతో చేసేది), 30 మి.లీ. తీపి వెర్మూత్ (మూలికలు చేర్చిన వైన్), సీసాను రెండుసార్లు విదిలిస్తే పడేటంత బిటర్స్ (చేదు మూలికల సారం). ఇంత చిన్న లెక్క కాబట్టి మాన్‌హట్టన్ అనే ఈ కాక్‌టెయిల్ ఇంట్లో సులువుగా వచ్చేస్తుందనుకుంటారు. బార్ కౌంటర్ వెనుక ఇన్నాళ్లలో నేను చూసిన పొరపాట్లు చాలావరకు ఐసు దగ్గరే జరుగుతాయి.

అపోహ: ఐసు కరిగితే కాక్‌టెయిల్ పాడైనట్టే.

వాస్తవం: కరగని ఐసు పెద్దగా చల్లబరచదు. ఒక గ్రాము ఐసు నీరు కావడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి, దాన్ని విస్కీ నుంచే లాక్కుంటుంది. గ్లాసులో పోసిన 90 మి.లీ. కలపడం పూర్తయ్యేసరికి 115 దాకా పెరుగుతుంది. ఘాటు తగ్గి వాసనలు విచ్చుకునేది ఆ నీళ్ల వల్లనే. ఒకసారి అతితెలివికి పోయి, విస్కీనీ వెర్మూత్‌నూ ముందే కలిపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, మర్నాడు ఐసు వేసి తిప్పాను. చల్లగా ఉంది, గొంతు మాత్రం మండింది. ఐసుకు కరిగే పనే పడలేదు మరి! అలా చేయదలిస్తే నీళ్లు కొలిచి మనమే పోయాలి.

పెద్ద, గట్టి ముక్కలైతే అర నిమిషం తిప్పండి. తడిసిన చిన్న ముక్కలైతే ఇంకా ముందే ఆపాలి. గడియారం కన్నా నాలుకను నమ్మడం మేలు.

అపోహ: సున్నా డిగ్రీల ఐసు అంతకన్నా చల్లబరచలేదు.

వాస్తవం: చల్లబరుస్తుంది. ఐస్‌క్రీమ్ డబ్బా చుట్టూ ఉన్న ఐసులో ఉప్పు చేసే పనే ఇక్కడ ఆల్కహాల్ చేస్తుంది: ఐసు సున్నా కన్నా కిందే కరిగేలా చేస్తుంది. బాగా తిప్పిన మాన్‌హట్టన్ సున్నా కన్నా కిందే ఉంటుంది.

అపోహ: తిప్పినా, గిలకొట్టినా ఒకటే.

వాస్తవం: గిలకొడితే గాలి బుడగలూ ఐసు పలుకులూ చేరి పానీయం మసకబారుతుంది. నిమ్మరసమో గుడ్డు తెల్లసొనో ఉంటే సరే, ఇందులో అవి లేవు.

అపోహ: వెర్మూత్ ఎన్నాళ్లున్నా చెడదు.

వాస్తవం: అది మూలికలు చేర్చి, కొంత మద్యంతో బలపరచిన వైన్. మూత తీశాక గాలి తగిలి చప్పబడుతుంది. ఫ్రిజ్‌లో ఉంచి ఒకటి రెండు నెలల్లో వాడేయాలి. మాన్‌హట్టన్ కుదరలేదని వచ్చేవారిని నేను ముందు అడిగేది సీసా ఎప్పుడు తెరిచారనే.

అపోహ: న్యూయార్క్‌లో 1874 చివర విన్‌స్టన్ చర్చిల్ తల్లి ఇచ్చిన విందులో ఇది పుట్టింది.

వాస్తవం: ఆ నవంబర్ 30న ఆమె ఇంగ్లండ్‌లోని బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో చర్చిల్‌ను ప్రసవించారు. కథ మాత్రం చక్కగా ఉంది.

అపోహ: రై లేకపోతే మాన్‌హట్టనే కాదు.

వాస్తవం: బోర్బన్ అనే అమెరికన్ విస్కీతోనూ బాగుంటుంది. అందులో సగానికి పైగా మొక్కజొన్నే కాబట్టి తీపి ఎక్కువ. వెర్మూత్ 5 మి.లీ. తగ్గించి చూడండి.