పలుచని పలక, సన్నని బద్దెలు: పాత ఉకులేలేల నిర్మాణం

ఉకులేలే గిటారును పోలిన, నాలుగు తీగల చిన్న హవాయి వాద్యం. సొప్రానో అనే చిన్న పరిమాణపు పాతకాలపు ఉకులేలేను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారు దాని తేలికదనానికి ఆశ్చర్యపోతారు. పై పలక మందం సాధారణంగా రెండు మిల్లీమీటర్లకు మించదు. ధ్వని రంధ్రంలోంచి చూస్తే, దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి అడ్డంగా అతికించిన సన్నని బద్దెలు, తీగలను పలకకు పట్టి ఉంచే బ్రిడ్జి కింద చిన్న పట్టీ తప్ప చాలా వాద్యాల్లో మరేమీ కనిపించదు. నా దృష్టిలో పనివారి నేర్పంతా ఆ పొదుపులోనే ఉంది.

1879 ఆగస్టులో రేవన్స్‌క్రాగ్ ఓడలో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి హవాయిలోని హొనలులు చేరిన వలసదారుల్లో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో డియాస్, జోసె దో ఎస్పిరితు సాంతో అనే ముగ్గురు వడ్రంగులు ఉన్నారు. తమ దీవిలోని మషేత్ అనే చిన్న తీగవాద్యాన్ని అనుసరించి వారు స్థానిక కోవా కలపతో చేసినవే తొలి ఉకులేలేలు. మన ఊళ్లలో పెంచే ఆస్ట్రేలియా తుమ్మ, కోవా ఒకే అకేసియా ప్రజాతికి చెందిన చెట్లు.

చెక్క పోగుల పొడవునా గట్టిగా, వాటికి అడ్డంగా బలహీనంగా ఉంటుంది కనుక బద్దెలను పోగులకు అడ్డంగా అతికిస్తారు. బద్దె ఎత్తును రెట్టింపు చేస్తే బరువు రెట్టింపే అవుతుంది, కానీ వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల ఒక్క మిల్లీమీటరు చెక్కినా పలక స్వభావం మారిపోతుంది. గిటారు ఉక్కు తీగలతో పోలిస్తే నాలుగు పేగు తీగల లాగుడు చాలా స్వల్పం, అవి పలకకు అందించే శక్తి కూడా స్వల్పమే. పలక బిగుసుకుపోతే ఆ కాస్త శక్తి దానిని కదిలించలేదు.

అమెరికాలో గిటార్లకు పేరుపొందిన మార్టిన్ సంస్థకు ఇది అనుభవంలో తెలిసింది. 1907 ప్రాంతంలో ఆ సంస్థ చేసిన తొలి ఉకులేలేలు స్ప్రూస్ అనే కలప పలకతో, గిటారుకు తగినన్ని బద్దెలతో తయారై, మందకొడిగా పలికి ఆదరణ పొందలేదు. 1915 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనతో హవాయి సంగీతంపై మోజు పెరిగాక, బద్దెలు తగ్గించి మహాగని కలపతో చేసిన వాద్యాలు విజయం సాధించాయి.

ఈ పొదుపుకు మూల్యమూ ఉంది. గాలి పొడిబారినప్పుడు పలక అడ్డంగా కుంచించుకుపోతుంది, పోగులు అటే సాగిన బద్దె మాత్రం కుంచించుకుపోదు. ఆ పెనుగులాటలో పలక పగులుతుంది, లేదా జిగురు వదిలిన బద్దె జరజరమంటుంది. తోలు ఉడికించి తీసిన పాత జిగురు వేడికి, తడికి మెత్తబడుతుంది కనుక ఆ బద్దెనే తిరిగి అతికించవచ్చు. దాని స్థానంలో బలమైన కొత్త బద్దె పెడితే పగులు ఆగవచ్చు గానీ, స్వరం మూగబోతుంది.