తానెక్కడుందో దానికెలా తెలుస్తుంది?

ప్రియమైన మనవలిద్దరికీ,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, మీ పిన్ని ఇంట్లో నేల తుడిచే రోబో మంచం కిందకి దూరి, మళ్ళీ దానంతట అదే చార్జింగ్ పెట్టె దగ్గరికి ఎలా వచ్చిందని. ఫోన్‌లో చెబితే సగమే అర్థమవుతుంది. యూనివర్సిటీలో కదిలే రోబోల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి కదా, మీకు కుదురుగా చెప్పాలని రాస్తున్నాను.

వేసవిలో మన పెరట్లో ఆడిన ఆట గుర్తు తెచ్చుకోండి. కళ్ళకు గంతలు కట్టుకుని తులసికోట దగ్గర్నుంచి నూతి వైపు ఇరవై అడుగులు వేశారు. తిన్నగానే నడుస్తున్నామనుకున్నారు. గంతలు విప్పి చూస్తే గిలక ఒకవైపు, మీరింకోవైపు. రోబో మొదట చేసేదీ అదే. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఇంత దూరం వచ్చానని అనుకుంటుంది. చక్రం కాస్త జారినా లెక్క తప్పుతుంది. దిక్కులో ఒక్క డిగ్రీ తేడా ఉంటే 100 మీటర్లు వెళ్ళేసరికి దాదాపు 175 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. మన కాలువ గట్టు వెడల్పు మూడు మీటర్లు. సరిగ్గా మధ్యలో బయల్దేరినా, 100 మీటర్లు పూర్తికాకముందే నీళ్ళలో పడుతుంది.

మరి మీరేం చేశారు? చేతులు చాపి తడిమారు. అరుగు తగలగానే ఎక్కడున్నారో తెలిసిపోయింది. రోబోకి ఆ చెయ్యి లైడార్. గిర్రున తిరుగుతూ లేజర్ వెలుగును విసురుతుంది, అది దేనికైనా తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. గోడ మూడు మీటర్ల దూరంలో ఉంటే, సెకనును వంద కోట్ల ముక్కలు చేసినప్పుడు వాటిలో 20 ముక్కల కాలంలో వెలుగు వెళ్ళి తిరిగొస్తుంది. అంత చిన్న కాలాన్ని కొలిచే పరికరాన్ని చేత్తో పట్టుకున్న మొదటిరోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అయితే మా రోబో లైడార్ నేలకు జానెడు ఎత్తులో ఉండేది. ఆ ఎత్తులో ఉన్నవే దానికి కనిపిస్తాయి. బల్ల అంటే మనకి బల్ల, దానికి మాత్రం నాలుగు చుక్కలు. ఒకసారి ఆ నాలుగు చుక్కల మధ్య ఖాళీ ఉంది కదా అని నేరుగా దూరిపోయింది. పైన నిలబెట్టిన కెమెరా కర్ర బల్ల అంచుకి కొట్టుకుని విరిగింది. అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి ఎవరి మీదా కేకలెయ్యలేదు. చున్నీ నడుముకి బిగించి, నేల మీద బోర్లా పడుకుని, గడ్డం నేలకి ఆనించి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. లేచి, "ఇక్కణ్ణుంచి నిజంగానే దారిలా కనిపిస్తోందండీ" అంది. నోట్‌బుక్‌లో టైము, బల్ల ఎత్తు, రోబో వేగం రాసుకుంది. బల్ల మళ్ళీ అక్కడే పెట్టించి, మర్నాడు పొద్దున్నే అదే తప్పు మళ్ళీ చేయించింది. పరిశోధకులంటే ఎప్పుడూ కొత్తవి కనిపెట్టేవాళ్ళని మీరనుకుంటారు. నేను చూసినవాళ్ళ రోజులో ఎక్కువ భాగం ఇలాగే గడిచేది.

ఇప్పుడు అసలు సంగతి. ల్యాబ్ కంప్యూటర్ తెర మీద గది పటంలో రోబో ఒక్కచోట కనిపించేది కాదు. పంచదార పలుకు చుట్టూ చీమలు మూగినట్టు వందల చుక్కలుండేవి. ఒక్కో చుక్కా "నేనిక్కడున్నానేమో" అన్న ఒక్కో ఊహ. కొంత దూరం వెళ్ళేసరికి చుక్కలు విడిపోయి పరుచుకునేవి. లైడార్‌కి తెలిసిన మూల ఏదైనా తగలగానే, దానితో పొసగని చుక్కలు రాలిపోయి, మిగిలినవి దగ్గరికి చేరేవి. తనకెంత తెలుసో, ఎంత తెలియదో రోబో దగ్గర లెక్కుంటుందన్న మాట. ఆ లెక్కని సరిగ్గా రాయడమే ఈ చదువులో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది. చుక్కలు బాగా విడిపోతే రోబో నెమ్మదించాలి.

మా చిన్నప్పుడు గోదావరి వశిష్ఠ పాయ దాటించే నావ సరంగు ఇలాగే చేసేవాడు. మంచు కమ్మేసి అవతలి రేవు కనపడకపోతే నావ నెమ్మది చేసి గెడ దింపేవాడు. అడుగున ఇసుక గరగరలాడిందా, బురద మెత్తగా దిగిందా అన్నదాన్ని బట్టి ఎక్కడున్నామో చెప్పేవాడు. వరద వచ్చి వెళ్ళాక ఇసుక మేటలు చోటు మారేవి. అప్పుడు పాత గుర్తులు పనికిరావు, మళ్ళీ గెడ వేసి తెలుసుకోవాల్సిందే.

అసలు పటమే లేని కొత్త చోట వదిలేస్తే? పటం గియ్యాలంటే తానెక్కడుందో తెలియాలి, అది తెలియాలంటే పటం ఉండాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్నట్టు. అందుకని రెండూ కలిపే చేస్తారు, దీన్ని స్లామ్ అంటారు. మన కొబ్బరితోటలో అది చాలా కష్టం. ఏ వరస చూసినా ఒకేలా ఉంటుంది, దట్టమైన మట్టల కింద జీపీఎస్ కూడా తడబడుతుంది. చుట్టూ తిరిగొచ్చి మోటారు షెడ్డు మళ్ళీ కనిపించినప్పుడు, "ఇది ఇందాక చూసిందే" అని గుర్తుపడితే, అప్పటిదాకా పోగైన తప్పంతా వెనక్కి సర్దుకోవచ్చు.

1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఒక రోబో బండి, కుర్చీలు అడ్డంపెట్టిన గదిని దాటడానికి ఐదు గంటలు తీసుకుంది. మీటరు జరగడం, ఆగడం, పది పదిహేను నిమిషాలు ఆలోచించడం. అదే ఏడాది కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దానికి మొదటి డైరెక్టర్ మన తెలుగువాడే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ఆయనకి కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

సంక్రాంతికి వచ్చేసరికి పాత సైకిల్ చక్రం ఒకటి సిద్ధంగా ఉంచుతాను. దానికి ఎర్ర గుడ్డపీలిక కట్టి, గట్టు మీద దొర్లిస్తూ, పీలిక ఎన్నిసార్లు నేలకి తగిలిందో లెక్కపెడుతూ వంతెన దాకా వెళ్దాం. చక్రం చుట్టుకొలత ముందే కొలిచి పెడతాను. తిరిగొచ్చేటప్పుడు టేపుతో కొలుద్దాం. ఎంత తేడా వస్తుందో ఇప్పుడే ఊహించి, చెరో కాగితం మీద రాసి తీసుకురండి.

మీ తాతయ్య