స్టిక్ వదిలినా ఆగని డ్రోన్

కోనసీమలో కాలువ గట్టు మీద బైకు పోతోంది. రిమోట్ తెరపై దాని చుట్టూ వేలితో ఓ గడి గీస్తే చాలు, డ్రోన్ వెంటపడుతుంది. 2016లో డీజేఐ అనే చైనా కంపెనీ తెచ్చిన ఫాంటమ్ 4 డ్రోన్‌లోనే ఈ సదుపాయం ఉంది. ఇప్పుడు పెళ్లి వీడియోలవాళ్లకు ఇది మామూలు పని.

అలాగని డ్రోన్‌కు ఆ బైకు తెలిసిపోయిందనుకోకూడదు. గడిలోని రంగూ ఆకారమూ గుర్తుంచుకుని, వీడియోలోని తర్వాతి బొమ్మలో (ఫ్రేములో) అలాంటిది ఎక్కడుందా అని ఆ చుట్టుపక్కలే వెతుకుతుంది. బైకు కొబ్బరి మట్టల చాటుకు వెళ్తే, అదే వేగంతో పోతుంటుందని లెక్కగట్టి అవతల కాచుకుంటుంది. ఇలాంటి అంచనాలకు 1960లో రుడాల్ఫ్ కల్మాన్ అనే ఇంజినీరు చెప్పిన గణితం బాగా పనికొస్తుంది. ఆ చాటునే మన బండి ఆగిపోయి, అదే రంగు బండి ఇంకోటి బయటికొస్తే? ఏ మొహమాటమూ లేకుండా దాని వెంట పోవచ్చు.

దూరం తెలుసుకునే దారుల్లో ఒకటి బడిలో నేర్చుకున్న త్రిభుజమే. డ్రోన్ 20 మీటర్ల ఎత్తులో ఉండి, కెమెరా 45 డిగ్రీలు కిందికి వంగితే, బైకు 20 మీటర్ల ముందుంది. నేల చదునైతేనే సుమా! ఎత్తును డ్రోన్ సాధారణంగా తాను లేచిన చోటి నుంచి లెక్కేసుకుంటుంది. మారేడుమిల్లి ఘాట్‌లో బైకు 10 మీటర్లు పైకెక్కిందంటే, లెక్కలో 20 మీటర్లున్నది నిజానికి పదే.

నాకు ఇష్టమైంది మాత్రం కెమెరా గురి డ్రోన్‌కు వదిలి, కదలిక మన చేతిలో ఉంచుకునే పద్ధతి. రిమోట్ మీద డ్రోన్‌ను నడిపే పుల్లను, అంటే స్టిక్‌ను, పక్కకు నెట్టి చూడండి, డ్రోన్ తిన్నగా పోదు. ముక్కు ఎప్పుడూ బైకు వైపే తిరుగుతుంది కాబట్టి, క్షణక్షణానికీ 'పక్క' అనేదే మారిపోయి, బైకు చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! చిక్కంతా అక్కడే. చిన్న డ్రోన్లలో చాలావాటికి పక్కల అడ్డంకులను పసిగట్టే సెన్సార్లుండవు. ఉన్నా, కరెంటు తీగ వాటికి ఒకటి రెండు పిక్సెళ్ల గీత, తరచూ దొరకదు. అందుకే నేను ముందు స్తంభాలు చూసుకుని, వాటి మధ్య తీగలున్నట్టే ఎగరేస్తాను.

ఇంకొకటి. మామూలుగా భయమేస్తే స్టిక్‌లు వదిలేస్తాం, డ్రోన్ ఉన్నచోటే నిలబడుతుంది. అదే డ్రోన్ తనంతట తానే వెంటపడుతున్నప్పుడు వదిలేస్తే, బైకుతో పాటు పోతూనే ఉంటుంది. ఆపాలంటే రిమోట్ మీది పాజ్ బటన్ నొక్కాలి. ఆ బటన్‌ను చూడకుండా తడిమి పట్టుకోవడం ఇంట్లో సోఫాలో కూర్చునే అలవాటు చేసుకున్నాను.