ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందికి

"సార్, కళ్లకి తగిలించుకుంటే కంప్యూటర్ లోకాన్ని చుట్టూ చూపించే వీఆర్ హెడ్‌సెట్‌తో ఆటలాడటం చూశాం, కట్టబోయే అపార్ట్‌మెంట్ చూపించడం చూశాం. బొమ్మ గీసినట్టు, పాట కట్టినట్టు దాంతో ఎవరైనా కళ సృష్టించారా?" అని ఓ ఇంటర్ విద్యార్థి అడిగాడు. సృష్టించారు, అదీ 1995లోనే. ఆ కృతి పేరు 'ఆస్మోస్'. చేసినామె కెనడా కళాకారిణి చార్ డేవీస్. మొదట్లో రంగులతో బొమ్మలు వేసేది. తర్వాత సాఫ్టిమేజ్ అనే గ్రాఫిక్స్ కంపెనీని నడిపిన తొలి డైరెక్టర్లలో ఒకరైంది.

హెడ్‌సెట్‌లో బొమ్మకి లోతు ఎలా వస్తుందన్నది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది కాబట్టి ఆ జోలికి పోను. నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క సంగతి. ఆస్మోస్‌లో తిరగడానికి చేతులతో పని లేదు. లోపలికి వెళ్లేవాళ్లకి హెడ్‌సెట్‌తో పాటు సెన్సర్లున్న ఓ జాకెట్ తొడుగుతారు. ఛాతీ ఎంత ఉబ్బిందో, ఒళ్లు ఎటు వంగిందో అది కొలుస్తూ ఉంటుంది. ఊపిరి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు, ఎటు వంగితే అటు సాగుతారు. అలా ఓ చెట్టు దగ్గరికి, దాని ఆకు లోపలికి, చెరువులోకి, అక్కడి నుంచి వేళ్లున్న మట్టిలోకి వెళ్లొచ్చు. ఇంకా కిందికి దిగితే ఆ లోకాన్ని నడిపే కంప్యూటర్ కోడ్ వరసలు వరసలుగా కనిపిస్తుంది.

ఈ ఊపిరి కిటుకు డేవీస్‌కి స్కూబా డైవింగ్ నుంచి, అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీటి లోపల ఈదడం నుంచి వచ్చింది. నాకైతే మా ఊరి దిగుడుబావి గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా మామయ్య నా నడుముకి ఎండు బెండ్లు కట్టి ఈత నేర్పాడు. కొన్నాళ్లకి బెండ్లు విప్పేసి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద అరచెయ్యి పెట్టి, "ఊపిరి నిండా పీల్చి ఆపరా, వదలకు" అన్నాడు. తర్వాత ఆ చెయ్యి ఎప్పుడు తీసేశాడో నాకు తెలియలేదు. పీల్చినప్పుడు ఛాతీ నీటి పైకి వచ్చేది. వదిలితే నీళ్లు చెంపల మీదుగా ముక్కు దాకా వచ్చేవి. ఆర్కిమెడిస్ సూత్రం నాకు అర్థమైంది ఆ బావిలోనే. బడిలో మాత్రం ఆయన స్నానాల తొట్టి కథ చెప్పించుకుని మార్కులు వేశారు. సూత్రాన్ని ఒంటితో తెలుసుకునే వీలున్నప్పుడు కథతో సరిపెట్టడం పిల్లలకి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక లెక్కలోకి వద్దాం. మామూలుగా మనం ఒక్కసారి పీల్చే గాలి సుమారు అర లీటరు. స్కూబా డైవరు ఆ గాలిని వీపు మీది సిలిండర్ నుంచి తీసుకుంటాడు. ఆ గాలి ముందు నుంచీ అతనితోనే ఉంది కాబట్టి మొత్తం బరువు మారదు. ఛాతీ మాత్రం ఉబ్బి అర లీటరు నీటిని పక్కకి నెడుతుంది. అర లీటరు నీళ్లంటే అర కిలో, అంటే దాదాపు 5 న్యూటన్ల బలం అతన్ని పైకి తోస్తుంది. సామాన్లతో కలిపి అతని బరువు 100 కిలోలనుకుంటే త్వరణం 0.05 మీ/సె². నిశ్చలంగా ఉన్నవాడు మొదటి సెకనులో లేచేది రెండున్నర సెంటీమీటర్లే. నీటి నిరోధాన్ని పక్కన పెట్టినా మూడు సెకన్లలో లేచేది 22 సెంటీమీటర్లు. ఈలోగా ఊపిరి వదిలే వేళ అవుతుంది. వదిలినా వెంటనే దిగడు, ఉన్న వేగంతో ఇంకాస్త పైకి పోయి అప్పుడు దిగుతాడు. కొత్త డైవర్లు తడబడేది ఈ ఆలస్యం దగ్గరే.

ఇదే లెక్క గాల్లో వేసి చూడండి. అర లీటరు గాలి బరువు 0.6 గ్రాములు. ఛాతీ బయటికి నెట్టిన గాలీ అంతే, లోపలికి వచ్చిన గాలీ అంతే. మిగిలేది సున్నా. ప్రాణాయామంతో మనసు నెమ్మదిస్తే మంచిదే, కానీ ఊపిరి బలంతో నేల విడిచి లేచారన్న మాట మాత్రం నమ్మకండి.

ఆ 0.05 అన్న అంకెని ఇంకాస్త పట్టుకుని చూద్దాం. గురుత్వ త్వరణంలో అది దాదాపు 200వ వంతు. అంత చిన్న కదలికని లోపలి చెవి పసిగట్టడమే కష్టం. హెడ్‌సెట్ పెట్టుకుంటే కొందరికి కడుపులో తిప్పడానికి ముఖ్య కారణం, కన్ను కదిలామంటుంటే చెవి కదల్లేదనడం. మెల్లగా తేలే లోకంలో ఆ గొడవ తగ్గుతుందని నా ఊహ. పైగా ఇక్కడ కదలికకి కారణం మన ఛాతీలోనే ఉంది.

ఊపిరికి ఇంకో గుణం కూడా ఉంది. గుండె మన మాట వినదు. చెయ్యి మనం చెప్తేనే కదులుతుంది. ఊపిరి మాత్రం ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. పట్టించుకోకపోతే మెదడు కాండం నడుపుతుంది, కావాలనుకుంటే పగ్గాలు మన చేతికొస్తాయి. కంగారు పడితే ఊపిరి పైపైన ఆడుతుంది, అలాంటప్పుడు మట్టిలోకి దిగడం కుదరదు. అక్కడికి చేరాలంటే టెన్షన్ వదిలి, ఊపిరి నిదానంగా విడవాలి. మామూలు వీఆర్ ఆటల్లోలా చేతిలో ఓ కంట్రోలర్ పెడితే మనం దేన్నో చూపిస్తాం, పట్టుకుంటాం, తుపాకీలా పేలుస్తాం. డేవీస్ కళ చెట్టు బొమ్మలో కంటే ఎక్కువగా, ఒంట్లోని ఏ పనికి లోకంలోని ఏ కదలికని ముడివేయాలో ఎంచుకోవడంలో ఉంది. ఫోన్ కెమెరాలో నేల మీద బొమ్మ నిలబెట్టే ఏఆర్ కళాకారుల్ని కూడా నేను ముందు అడిగేది ఇదే: చూసేవాడి ఒంటికి ఏం పని పెట్టారు?

డేవీస్‌కి హ్రస్వదృష్టి ఎక్కువ. అద్దాలు లేకుండా తనకి కనిపించే మసక లోకాన్నే ఆమె మొదట బొమ్మలుగా వేసింది. ఆస్మోస్‌లోనూ ఏ వస్తువుకీ గట్టి అంచు లేదు, ఆకులోంచి కొమ్మ, కొమ్మలోంచి వెలుగు కనిపిస్తాయి. మన తోలుబొమ్మ కూడా అంతే కదా. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు తోలుని వెలుగు దాటేంత పలచగా గీకుతారు, అప్పుడే తెర మీద రంగు పడుతుంది. ఆస్మోస్ ప్రదర్శనలో కూడా ఓ తెర ఉంది. లోపల తేలుతున్న మనిషి నీడ దాని మీద పడుతుంది. చీకటి గదిలో కూర్చున్న ప్రేక్షకులు ఆ నీడ వంగడం, నిలబడటం చూస్తారు. ఇంకో తెర మీద ఆ మనిషి చూస్తున్న లోకం కదులుతుంటుంది.

ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. చివర్లో ఆ లోకమంతా ఎదురుగా కనిపించి మెల్లగా దూరమైపోతుంది. అది మళ్లీ దగ్గరికి రాదు. బయటికొచ్చి ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు.