బాదం పాలు ఆవు పాల కంటే బలమా? మొక్కల పాలపై అపోహలు - వాస్తవాలు

పోషకాహార సలహా కోసం వచ్చే తల్లుల నోట మళ్ళీ మళ్ళీ వినిపించే మాట ఇది: "మా వాడికి పాలు పడవండీ, అందుకే బాదం పాలకి మార్చేశాం. బాదం అంటే బలమే కదా!" ఆ తల్లిని తప్పు పట్టడానికేం లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపారు, పక్కింటావిడ అవునంది, డబ్బా మీద బాదం గింజల బొమ్మ నిండుగా కనిపించింది. కానీ ఏడాదిన్నర పిల్లాడు అన్నం సరిగ్గా తినకుండా రోజుకు మూడు గ్లాసులు అవే తాగుతుంటే బరువు పెరగడం ఆగిపోతుంది. ముందు ఈ ఒక్కటి తేల్చుకుందాం, మిగతావి తర్వాత.

అపోహ: బాదం పాలు ఆవు పాల కంటే బలం

లెక్క చూడండి. 200 మి.లీ. టోన్డ్ పాలలో ప్రొటీన్ 6 గ్రాముల పైనే ఉంటుంది, కాల్షియం సుమారు 240 మి.గ్రా. ఇప్పుడు బాదం పాల ప్యాకెట్ వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవండి. చాలా వాటిలో బాదం 2 నుంచి 3 శాతమే. అంటే 200 మి.లీ.లో 4 నుంచి 6 గ్రాములు, మహా అయితే ఐదు గింజలు. వాటి నుంచి వచ్చే ప్రొటీన్ ఒక గ్రాము. మిగతాదంతా నీళ్ళు, చిక్కదనానికి గమ్, కాస్త ఉప్పు, కొన్నింట్లో చక్కెర.

ఇంట్లో చేసుకుంటే మేలు కదా అంటారు. పది గింజలు, అంటే 12 గ్రాములు, రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, గ్లాసు నీళ్ళతో రుబ్బినా మొత్తం ప్రొటీన్ రెండున్నర గ్రాములు దాటదు. గుడ్డలో వడకట్టి పిప్పి పారేస్తే అందులోనూ కొంత పోతుంది. కాల్షియం 30 మి.గ్రా. కూడా రాదు. బాదం మంచి గింజే, కాదనడం లేదు. ఐదు గింజల్ని గ్లాసు నీళ్ళలో కలిపితే మాత్రం అది ఐదు గింజల బలమే.

పెద్దవాళ్ళకైతే పప్పు, గుడ్డు, మాంసం ఆ లోటు పూడుస్తాయి. పసిపిల్లలకు అలా కాదు. వాళ్ళ చిన్న పొట్టలో పాలు ఆక్రమించే చోటు పెద్దది. అక్కడ నీళ్ళు నింపితే ఇంక దేనికీ చోటుండదు. బియ్యం పాల మీద పెంచిన 22 నెలల బిడ్డకు క్వాషియోర్కర్ (ప్రొటీన్ లోటుతో వచ్చే జబ్బు) వచ్చిందని 2001లో వైద్య పత్రికలో నమోదైంది. అది కరువు ప్రాంతం కాదు, అమెరికా. స్పెయిన్‌లో రెండున్నర నెలల వయసు నుంచీ బాదం మిశ్రమమే ముఖ్య ఆహారమైన శిశువుకు 11 నెలలకు స్కర్వీ, అంటే విటమిన్ సి లోటు జబ్బు, తేలింది. ఆ నివేదిక 2016లో వచ్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ ఇళ్ళలోనూ పిల్లల మీద ప్రేమకు కొరత లేదు, తెలియక జరిగింది.

కాబట్టి ఆరు నెలల దాకా తల్లిపాలే. తల్లిపాలు చాలని పరిస్థితి ఉంటే పిల్లల డాక్టరు చెప్పిన ఫార్ములా. ఏడాది నిండేలోపు బాదం, ఓట్స్, బియ్యం, కొబ్బరి, సోయా, వీటిలో ఏదీ వాటికి బదులు కాదు. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. డాక్టరు "సోయా ఫార్ములా" అని రాస్తే, ఇంటికెళ్ళి సోయా పాల ప్యాకెట్ తెస్తారు. రెండూ ఒకటి కావు. ఫార్ములాలో శిశువుకు కావాల్సిన కొవ్వు, ఐరన్, విటమిన్లు కొలత ప్రకారం కలుపుతారు, ప్యాకెట్ పాలలో అలా ఉండవు.

ఏడాది దాటాక నిజంగానే పాలు ఇవ్వలేకపోతే, ఆవు పాలకు దగ్గరగా వచ్చేది సోయా ఒక్కటే: 200 మి.లీ.కి 6 నుంచి 7 గ్రాముల ప్రొటీన్. అదీ చక్కెర లేనిది, కాల్షియం, విటమిన్ డి, బి12 కలిపినది అయ్యుండాలి. బియ్యం పాలు మాత్రం చిన్నపిల్లలకు వద్దు. బియ్యంలో ఉండే ఆర్సెనిక్ అనే విషపదార్థం కారణంగా ఐదేళ్ళలోపు పిల్లలకు ఇవ్వవద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ సలహా.

అపోహ: పాలు పడకపోతే పాలతో చేసినవన్నీ మానేయాలి

"పడవు" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో ఉబ్బరం, గ్యాస్, నీళ్ళ విరేచనాలు అయితే అది చాలావరకు లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, అరగకపోవడం. దద్దుర్లు, పెదాల వాపు, తాగిన వెంటనే వాంతి, పసిబిడ్డ మలంలో రక్తపు చారలు కనిపిస్తే పాల ప్రొటీన్‌కు ఎలర్జీ అని అనుమానించాలి. మొదటిదానికి పాలు పూర్తిగా మానక్కర్లేదు. గ్లాసు పాలలో లాక్టోజ్ సుమారు 10 గ్రాములు. దాన్ని రెండు మూడు విడతలుగా, భోజనంతో పాటు తీసుకుంటే చాలామంది పెద్దవాళ్ళు తట్టుకుంటారు. బాగా తోడుకున్న పెరుగు, మజ్జిగ ఇంకా తేలిక, తోడులోని బ్యాక్టీరియా కొంత పని ముందే చేసేస్తుంది. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా దొరుకుతున్నాయి, వాటిలో ప్రొటీన్, కాల్షియం తగ్గవు. ఎలర్జీ ఉంటే మాత్రం పెరుగు, పనీర్, పాలపొడి వేసిన బిస్కెట్లు కూడా ఆపాలి. మేకపాలు ఇస్తే సరిపోతుందనే సలహా వినకండి, ఆ ప్రొటీన్లు ఆవు పాలవాటికి చాలా దగ్గర, ఎలర్జీ అక్కడా వస్తుంది.

ఎలర్జీ ఉన్నవాళ్ళకు ఇంకో జాగ్రత్త. మన స్వీట్ షాపుల్లో, బండ్ల మీద దొరికే పసుప్పచ్చ "బాదం పాలు" మామూలు పాలే. అందులో చక్కెర, బాదం పొడి, ఏలకులు వేస్తారు. 2021లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మొక్కల పానీయాలను పాలు అని అమ్మకూడదని చెప్పింది. అందుకే ప్యాకెట్ మీద డ్రింక్, బెవరేజ్ అని ఉంటుంది. పేరు కాదు, పదార్థాల జాబితా చదవండి.

అపోహ: శాకాహారులు మొక్కల పాలకు మారితే లోటేమీ రాదు

గుడ్డు, మాంసం ముట్టని ఇంట్లో బి12 వచ్చే దారి పాలు, పెరుగు మాత్రమే. ఆ దారి మూస్తే ఇంకోటి తెరవాలి. పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. కానీ మొక్కల పాలలో విడిగా కలిపితే తప్ప అది సున్నా. శరీరంలో నిల్వ ఉండటంతో లోటు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది, బయటపడేసరికి కాళ్ళు చేతుల తిమ్మిర్లు, మతిమరుపు మొదలై ఉండొచ్చు. చద్దన్నం మీద, స్పిరులినా (నాచు పొడి) మీద ఆశ పెట్టుకోకండి. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా మన శరీరానికి పనికిరాని బి12. గర్భిణులు, పాలిచ్చే తల్లులు పాలు మానేస్తుంటే డాక్టరుతో మాట్లాడి బి12 మాత్ర మొదలుపెట్టాకే మానాలి. తల్లికి లోటుంటే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది.

కాల్షియంకు దారులు ఎక్కువే. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువే కానీ, పొట్టులోని ఆక్సలేట్ వల్ల ఒంటికి పట్టేది తక్కువ.

సోయా మీద వచ్చే మాటలు

మగవాళ్ళలో హార్మోన్లు తగ్గుతాయన్నది వట్టి పుకారు. థైరాయిడ్ విషయంలో జాగ్రత్త పడాల్సింది మాత్ర వేసుకునే దగ్గరే: ఖాళీ కడుపున నీళ్ళతో వేసుకోండి, సోయా పాలకూ, కాల్షియం కలిపిన ఏ పాలకైనా నాలుగు గంటల ఎడం ఉంచండి.

సోయా పాలు తాగితే కడుపునొప్పి అనేవాళ్ళు చాలావరకు సరిగ్గా కాగనివి తాగుంటారు. 100 గ్రాముల గింజలు 8 నుంచి 10 గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి, చేత్తో నలిపి పొట్టు తీసేయండి. మరిగే నీళ్ళు పోసి రుబ్బితే పచ్చివాసన రాదు, చన్నీళ్ళతో రుబ్బితే వస్తుంది. మొత్తం 800 మి.లీ. నీళ్ళు సరిపోతాయి. పలచటి గుడ్డలో పిండి, అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టండి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. ఆవు పాలు పొంగితే కాగినట్టు. సోయా పాల మొదటి పొంగు మోసం, అది మరుగు రాకముందే లేచే నురగ. అక్కడే దించేస్తే జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు అలాగే మిగిలిపోతాయి. నురగను గరిటెతో తీసేసి, మంట తగ్గించి, నిజంగా తెర్లడం మొదలైన దగ్గర్నుంచి 15 నిమిషాలు కలుపుతూ మరిగించండి.

ఇంకొన్ని

ఓట్స్ పాలలో "చక్కెర కలపలేదు" అని రాసున్నా షుగర్ ఉన్నవాళ్ళు ధీమాగా ఉండకూడదు. తయారీలో ఎంజైమ్ ఓట్స్ పిండిపదార్థాన్ని మాల్టోజ్‌గా విడగొడుతుంది, ఆ తీపి అదే. కొబ్బరి పాలు కూరకు బావుంటాయి, కానీ వాటిలో ఉండేది కొవ్వు, ప్రొటీన్ కాదు.

కాఫీలో విరిగిపోతే మొక్కల పాలు చెడిపోయినట్టు కాదు. డికాక్షన్ పులుపు, వేడి కలిసి ప్రొటీన్‌ను ముద్ద కట్టిస్తాయి. ముందు పాలను వేడి చేసి, వాటిలోకి డికాక్షన్‌ను కొద్దికొద్దిగా పోయండి.

ప్యాకెట్‌ను మాత్రం ప్రతిసారీ బాగా ఊపండి. కలిపిన కాల్షియం కరగదు, అడుగున పేరుకుంటుంది. ప్యాకెట్ అయిపోయాక కోసి చూస్తే మూలల్లో తెల్లటి సుద్దలాంటి మడ్డి కనిపిస్తుందే, మీరు డబ్బు పెట్టి కొన్న కాల్షియం అదే.