"మంచిగనే ఉన్న సార్"

మా మేనత్తది మెట్‌పల్లి దగ్గర పల్లె. ముప్పై ఏండ్లకు పైగా బీడీలు చేసింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కీమో కోసం హనుమకొండలో మా ఇంట్లోనే ఉంది. వారానికోసారి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించేవారు. ప్రతిసారీ డాక్టర్ "ఎట్లున్నదమ్మా?" అనేవాడు. అత్త "మంచిగనే ఉన్న సార్" అనేది. రెండు నిమిషాల్లో బయటికొచ్చేవాళ్లం.

ఏడో వారం ఒక మధ్యాహ్నం చూస్తే అత్త ఒళ్లో చాట పెట్టుకొని కూర్చుంది. తునికాకులో తంబాకు పోసి చుట్టబోతే ఆకు వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. దారం ముడి పడటం లేదు. (ఈ ఒంటితో తంబాకు పని ఏందని కసిరాను. అది వేరే పంచాయితీ.) "వేళ్ల కొసలు నావి కానట్టే ఉన్నయి బిడ్డా. మూడు వారాలాయె" అంది. డాక్టర్‌కు ఎందుకు చెప్పలేదంటే, "పాణం కాపాడే మనిషికి బీడీల ముచ్చట చెప్తమా?" అంది.

అది బీడీల ముచ్చట కాదు, మందు ముచ్చటే. కణాల్లో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలుంటాయి. పాక్లిటాక్సెల్ వాటిని కదలకుండా బిగించేస్తుంది, దాంతో క్యాన్సర్ కణం రెండుగా విడిపోలేక చస్తుంది. నరాల్లో సరుకు మోసే దారులూ ఆ గొట్టాలే. నరం ఎంత పొడవైతే దెబ్బ అంత ముందు తగులుతుంది కాబట్టి తిమ్మిరి కాలివేళ్లు, చేతివేళ్ల కొసల నుంచి మొదలవుతుంది. రక్తపరీక్షలో దొరకదు, స్కాన్‌లో కనబడదు. మనిషి చెబితేనే తెలుస్తుంది. సమయానికి తెలిస్తే డోసు తగ్గించవచ్చు, మందు ఆపవచ్చు. ఆలస్యమైతే కొందరికి ఏండ్ల తరబడి ఉండిపోతుంది.

ఒక్క మా అత్తే ఇలా అనుకోకండి. 2015లో ఇటలీ పరిశోధకులు క్యాన్సర్ మందులను రోగుల మీద పరీక్షించిన మూడు ట్రయల్స్‌లోని 1,090 మంది రోగులు రాసినదాన్ని, డాక్టర్లు రాసినదాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఆకలి, వాంతులు, మలబద్ధకం లాంటి ఆరు ఇబ్బందులు. మాకు ఉన్నాయని రోగులు చెప్పినవాటిలో డాక్టర్ల రికార్డుకు ఎక్కనివి, ఇబ్బందిని బట్టి, 40.7 నుంచి 74.4 శాతం.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ ఈథన్ బాష్ బృందం ఇంకో అడుగు వేసింది. ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 766 మందిలో కొందరు నొప్పి, ఆయాసం, తిమ్మిరి లాంటి 12 లక్షణాలను కంప్యూటర్‌లో నమోదు చేశారు. ఏదైనా ఎక్కువైతే నర్సుకు వెంటనే కబురు వెళ్లేది. 2017లో వచ్చిన లెక్క ప్రకారం మామూలు వైద్యం పొందినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ బతికిన కాలం) 26 నెలలు, కంప్యూటర్‌లో నమోదు చేసినవాళ్లది 31.2 నెలలు. కొత్త మందేమీ కలపలేదు! పైగా కంప్యూటర్ అంతగా తెలియనివాళ్లకే జీవన నాణ్యతలో మేలు ఎక్కువ కనిపించింది. "మన పల్లెటూరోళ్లకు ఇవన్నీ ఎక్కడ వస్తయి" అనేవాళ్లు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి. నా లెక్కలో అసలు కీలకం కంప్యూటర్ కాదు, అవతల ఫోన్ చేసే నర్సు. ఆమె లేకపోతే ఎంత మంచి ఫారమైనా ఫైల్లో కాగితమే.

ఇక ప్రశ్నలు. తిమ్మిరి కొలిచే ఒక పేరున్న ప్రశ్నావళిలో గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా అని ఉంటుంది. జాకెట్ హుక్కులు పెట్టుకునే మనిషికి అది మాటకు మాట తెలుగు చేసి ఇస్తే ఏం చెబుతుంది? అందుకే ఇలాంటివి అనువదించినవాళ్లు తిరిగి మూలభాషలోకి మార్చి చూస్తారు, రోగులకు చదివి వినిపించి ఏమర్థమైందో అడుగుతారు. మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఆడవాళ్లనైతే నేను ఒకటే అడుగుతాను: వంద బీడీలకు ఎంతసేపు పడుతోంది?

తర్వాతి వారం క్యాలెండర్ కాగితం వెనక రాసి తీసుకెళ్లాను: "ఇదివరకు రోజుకు ఎనిమిది వందలు, ఇప్పుడు యాభై కావట్లేదు." డాక్టర్ చదివి, జేబులోంచి నాణెం తీసి అత్త చేతిలో పెట్టాడు. కండ్లు మూసుకొని రూపాయో రెండు రూపాయలో చెప్పమన్నాడు. అత్త చాలాసేపు తడిమింది.

"తెలుస్తలేదు సార్" అంది.

ఆ రోజు డోసు తగ్గింది.