"మా ఊరి ఎండ ముందు ఇదొక ఎండా మేడమ్?"

బెంగళూరులో చర్మవైద్యురాలిగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో అనంతపురం, కర్నూలు, గుంటూరు వైపు వాళ్లు ఎక్కువ. ఎండ జాగ్రత్తలు చెప్పబోతే చాలామంది పైన రాసిన మాటే అంటారు. నేను చూసే పొరపాట్లు ఎక్కువగా ఆ మాటలోంచే పుడుతున్నాయి.

అపోహ: ఊరు చల్లగా ఉంటే ఎండ ఏమీ చేయదు.

ఒంటికి వేడి తగిలించే కిరణాలు వేరు, చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత (యూవీ) కిరణాలు వేరు. ఈ రెండోవి కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. 1000 మీటర్లు ఎత్తుకు వెళితే వీటి తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. పల్చటి మబ్బైతే 80 శాతం దాకా వదిలేస్తుంది. కర్నూల్లో మే నెల మధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకోనిదే గడప దాటని మనిషి, ఇక్కడ చల్లగాలి తగులుతోందని పొట్టిచేతుల టీషర్టుతో బండి మీద నంది హిల్స్ వెళ్లి, సాయంత్రానికి మెడ, ముంజేతులు కమిలిపోయి వస్తాడు.

అందుకే వేడిని కాదు, నీడను చూడమంటాను. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఆ వేళ ఎండ చర్మానికి గట్టిదే. ఫోన్లో వాతావరణం చూసే చోట యూవీ ఇండెక్స్ ఉంటుంది. 3 నుంచి జాగ్రత్త మొదలవ్వాలి, 11 అంటే అతి తీవ్రం. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ 11 దాటడం మామూలే.

అపోహ: టానింగ్ బెడ్ ఎండ కంటే సేఫ్.

టానింగ్ బెడ్ అంటే ఒంటి రంగు ముదురు చేసుకోవడానికి యూవీ దీపాల కింద పడుకునే మంచం. ఇక్కడి పార్లర్లలో అడిగేది దానికి వ్యతిరేకం, ఎండకు కమిలిన రంగును తగ్గించే డీట్యాన్. కానీ చదువుకో, ఆన్‌సైట్‌కో బయటి దేశాలకు వెళ్లిన మన పిల్లలు రూమ్మేట్లతో కలిసి టానింగ్ సెలూన్లకు వెళ్తున్నారు. ఒక అమ్మాయి నన్ను అడిగింది: "మండలేదు, ఎర్రబడలేదు, మరి నష్టమేంటి మేడమ్?" ఎండలో మన దాకా వచ్చే యూవీ కిరణాలు రెండు రకాలు, యూవీఏ, యూవీబీ. చర్మాన్ని మండించేవి ఎక్కువగా యూవీబీ కిరణాలు. ఆ బెడ్ దీపాల నుంచి వచ్చేవి చాలావరకు యూవీఏ. ఇవి మండించకుండానే లోపలి పొరల దాకా వెళ్లి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను, కణాల్లోని డీఎన్ఏను పాడుచేస్తాయి. దెబ్బతిన్న కణాలు తమను కాపాడుకోవడానికి చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు చేయించుకుంటాయి. మనం ట్యాన్ అనేది దాన్నే.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఈ పరికరాలను పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి వర్గంలో చేర్చింది. అంటే క్యాన్సర్ తెస్తాయనడానికి తగిన రుజువు ఉందని. బ్రెజిల్ అదే ఏడాది అందం కోసం వీటిని వాడటాన్ని నిషేధించింది. మీ ఇంట్లో పిల్లలు బయట ఉంటే ఈ ఒక్క విషయం ఫోన్ చేసి చెప్పండి.

అపోహ: మనది చామనఛాయ, మనకు స్కిన్ క్యాన్సర్ రాదు.

తక్కువన్నది నిజం. మెలనిన్ మనల్ని బాగానే కాపాడుతుంది. అయితే మనలాంటి వాళ్లలో మెలనోమా అనే ప్రమాదకరమైన స్కిన్ క్యాన్సర్ వచ్చినప్పుడు తరచుగా అరికాల్లోనో, గోరు కిందో వస్తుంది. దానికి ఎండతో సంబంధం ఉండదు, అందుకే ఎవరూ అనుమానించరు. గోరు మీద కొత్తగా నల్లటి చార వచ్చి వెడల్పవుతున్నా, అరికాలి మచ్చ పెరుగుతున్నా చూపించుకోండి. ఇక ఎండ వల్ల మంగు ముదరడం, కంట్లో శుక్లం రావడం ఏ రంగు వాళ్లకైనా జరగవచ్చు.

అపోహ: పొద్దున్నే లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుంది.

ఇది చెబితే పెద్దవాళ్లు బాధపడతారు. లేత ఎండలో నడవడం ఒంటికి, మనసుకు మంచిదే. కానీ విటమిన్ డి తయారవ్వాలంటే యూవీబీ కావాలి, ఏడు గంటల ఎండలో అది దాదాపు ఉండదు. కిటికీ అద్దం కూడా దాన్ని ఆపేస్తుంది. యూవీఏను మాత్రం వదిలేస్తుంది, అంటే అద్దం వెనక కూర్చుంటే నష్టమే వస్తుంది, లాభం రాదు. పొద్దెక్కాక ముఖం, చేతులకు కాసేపు ఎండ తగలనిస్తే చాలు. చర్మం రంగు మారేదాకా ఉండనక్కర్లేదు. ఒక హద్దు దాటాక చర్మం విటమిన్ డిని పెంచదు, ఎంత నిలబడినా అంతే. లోపం ఉందని తేలితే మాత్రలున్నాయి. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మాత్రను సొంతంగా నెలల తరబడి వాడకండి. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినవచ్చు.

అపోహ: బొల్లికి ఇచ్చే లైట్ చికిత్సా టానింగ్ బెడ్డే, ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఆసుపత్రిలో ఇప్పుడు ఎక్కువగా వాడేది నేరోబ్యాండ్ యూవీబీ, అంటే యూవీబీలో 311 నానోమీటర్ల దగ్గరి కొద్దిపాటి కిరణాలు. ఎన్ని సెకన్లు ఇవ్వాలో ప్రతిసారీ లెక్క చూసి పెంచుతాం. దానికీ టానింగ్ బెడ్డుకూ పోలికే లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది బావంచాల (బాకుచి గింజల) పూత. మచ్చ మీద రాసుకుని ఎండలో కూర్చుంటే రంగు వస్తుందని ఎవరో చెబుతారు. బావంచాల్లో సోరాలెన్ ఉంది, అది చర్మాన్ని యూవీఏకు విపరీతంగా సున్నితం చేస్తుంది. వైద్యంలో సోరాలెన్‌ను మేమూ వాడాం, కానీ మోతాదు కొలిచి. ఇంట్లో కొలత ఉండదు. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు, ఒకటి రెండు రోజులకు పెద్ద పొక్కులు లేస్తాయి. బొల్లి ఉన్న చోట గాయమైతే కొందరిలో మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

ఇప్పటికే రాసుకుని ఎండలోకి వెళ్లి ఉంటే సబ్బుతో కడిగేసి నీడకు వచ్చేయండి, ఆ చోటును రెండు మూడు రోజులు బట్టతో కప్పి ఉంచండి. పొక్కు లేస్తే చిదమవద్దు, పసుపు, టూత్‌పేస్ట్ పూయవద్దు. రాసుకున్న మందు డబ్బా పట్టుకుని అదే రోజు డాక్టర్ దగ్గరికి రండి.